ఇబ్రహీంపట్నం ఇంటింటి పలుకు

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు త్రోవలో, సుమారు 30 కిలోమీటర్ల దూరమున, రంగారెడ్డి జిల్లాలో ఇబ్రహీంపట్నము కలదు. పేరులోని మొదటి సగము అరబ్బీ. రెండవ సగము సంస్కృతభవము. రెంటిని కలిపి నోరార పలుకునది తెలుగువాడు. 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు ఈ ఊరికిని, దాని ప్రక్కనున్న పెద్ద చెరువునకును నిలిచినది. ఆ సుల్తానునే మన కవులు మల్కిభరాముడని పిలుచుకొనిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. ఆయన కొలువులోని అమీన్ ఖానునకు పొన్నెగంటి తెలగనార్యుడు అంకితమిచ్చిన యయాతిచరిత్రము తొలి అచ్చతెనుగు కావ్యము. పారసీకము చెల్లుబడి యగు కొలువులోని అధికారి, తత్సమమైనను చొరనీయని తెలుగును ముచ్చటపడి అందుకొనుట చిత్రమే గదా!

ఇట్టి పేరుగల ఊరిలో నేడు ఏ యింట ఏ మాట వినబడుచున్నదో తెలిసికొనవలెనని ఇటీవల ఒక ఆదివారము అచటికి పోయితిని.

బజారు వెనుక సందులో ముస్లిముల ఇండ్లు. వారి యింటిభాష ఉర్దూ అని మనమందుము. అది దక్ఖినీ యనుట న్యాయము. ఉత్తరదేశపు పండితులు దీనిని విని నవ్వుకొనుట కలదు. నాకు మాత్రము అది మన మేనత్త బిడ్డవలె తోచును. ఢిల్లీవాడు 'చెప్పెను, ఏమనగా వచ్చెదను' అను వరుసలో వాక్యము కూర్చును. ఇచటి గృహిణి 'ఆతూఁ బోల్కే బోలా' అనును. 'వస్తానని చెప్పిండు' అను తెలుగువాక్యమునే ఆమె ఉర్దూ మాటలతో పలుకుచున్నది. ఆ 'బోల్కే' మన 'అని' కాక మరేమి? 'వద్దు' అనుటకు 'నక్కో' అన్నచో అది మరాఠీనుండి వచ్చినది. ఇటు తెలుగువారి యింట 'జర ఆగు', 'పని షురూ అయింది', 'దవాఖానకు పోవాలె' అనునవి నిత్యము. ఈ మాటలు ఎరువు తెచ్చుకొన్నవని ఇంటివారి కెవరికిని గుర్తు లేదు. గుర్తుండవలసిన పనియు లేదు.

2017లో ఉర్దూ తెలంగాణమంతటను రెండవ అధికారభాష యైనది. అయినను ఒక కిరాణా దుకాణదారు నాతో ననిన మాట వేరుగా నున్నది. "మాట్లాడుటకేం సార్, మా పోరగాళ్లు మంచిగనే మాట్లాడ్తరు. వాళ్ల తాత రాసిన ఉత్తరం ఇస్తే మాత్రం చదువరాదు." ఆ ఉత్తరములను ఆయన ఒక రేకుపెట్టెలో దాచియుంచినాడు.

తాతలేఖ చదువలేని యింట లిపి యైనను ఒకటి కలదు. లంబాడీల యింటిమాటకు అదియును లేదు. వారు తమ భాషను గోర్ బోలీ యందురు. ఎడ్లపై ఉప్పును ధాన్యమును మోసి సైన్యములకు చేర్చుచు ఉత్తరమునుండి దక్కనునకు దిగివచ్చిన బిడారుల సంతతి వారిది. రైలు వచ్చి ఆ వర్తకమును మ్రింగివేసినది; బిడారులు తండాలైనవి. భాష మాత్రము రాజస్థానీకి చుట్టము గనే నిలిచినది. మన వైపు దానిని తెలుగు లిపిలో వ్రాయుదురు. మహారాష్ట్రములో నాగరిలో, కర్ణాటకములో కన్నడ లిపిలో. 2011 జనాభా లెక్కలలో లంబాడీ తమ మాతృభాష యని చెప్పినవారు 32 లక్షలకు పైబడిరి. లెక్క కట్టినవారు వారినందరిని హిందీ పద్దులో చేర్చిరి! ఇంత పెద్ద జనము తన నోటితో చెప్పుకొన్న పేరు వేరొక పేరు క్రింద అణగిపోవుట నాకు సమంజసముగా తోచలేదు.

బస్టాండులో ఒక వృద్ధురాలు ఏడెనిమిదేండ్ల మనుమనితో కూర్చుండియున్నది. ఆమె తన భాషలో ఏదియో యడుగుచున్నది; వాడు తెలుగులో బదులిచ్చుచున్నాడు. కొంతసేపు విని, "ఇంట్లో ఏం మాట్లాడ్తరవ్వా?" అని యడిగితిని.

"నేను లంబాడీల మాట్లాడ్త సారూ. వాడు తెలుగుల జవాబు చెప్తడు. వాళ్ల బడిల ఇంగిలీషు. నాకు తెలుగుల బేరం చేయొస్తది, పని అడుగొస్తది. కథ చెప్పరాదు."

ఆ చివరిమాట నన్ను పట్టి నిలిపినది. అరువది యేండ్లు తెలుగువారి నడుమ బ్రతికియు, అంగడికిని కూలికిని చాలినంత తెలుగే ఆమెకు అబ్బినది. తీజు పండుగలో కన్నెపిల్లలు తొమ్మిది దినములు గోధుమ మొలకలు పెంచు బుట్టల చుట్టు పాడు పాటలు, సేవాలాల్ మహరాజు కథలు ఆమెకు తన భాషలోనే వచ్చును. వినవలసినవాడు వేరొక భాషలో నున్నాడు.

బడిని తప్పుపట్టుట సులభము. 2018 చట్టము పదవ తరగతివరకు తెలుగును తప్పనిసరి చేసినది. 2022-23 నుండి సర్కారు బడులలో ఇంగ్లీషు మాధ్యమము వచ్చినది. ఆదిభట్లలో విమానభాగముల కర్మాగారములు, సాఫ్టువేరు కార్యాలయములు చూచిన తల్లిదండ్రులు ఇంగ్లీషు కోరుటలో వింత యేమున్నది? కాని ఆ కోరికకు వెలగా ఇంటిమాటను చెల్లింపుమని వారిని ఎవరును అడుగలేదు. వారు తెలియకయే చెల్లించుచున్నారు.

తెలంగాణములోని ఇటుక బట్టీలకు కార్తీకమాసము తరువాత ఒడిశాలోని బలాంగీరు, నువాపడా జిల్లాలనుండి కుటుంబములు వచ్చును. వారిది సంబల్‌పురీ. వానలకు మునుపే తిరిగిపోవుదురు. ఆరునెలలు ఒక భాషలో, ఆరునెలలు మరొక భాషలో పెరుగు ఆ పిల్లల సంగతి వేరుగ వ్రాయదగినది.

ఇంతలో బస్సు వచ్చినది. మనుమడు మూట భుజాన వేసికొని, నాయనమ్మ చేయి పట్టుకొని లేపెను. కన్నతల్లివలెనే ఆమెను గూడ వాడు యాడి యనియే పిలుచునట.

"యాడీ, బస్సొచ్చింది. జల్ది ఎక్కు!"