లుసాకా పిల్లల సిరప్

జాంబియా రాజధాని లుసాకాలో 2001లో ఒక మందును పరీక్షకు పెట్టారు. అదేమీ కొత్త మందు కాదు. మన డాక్టర్లూ ఏళ్ల తరబడి రాస్తున్న కోట్రైమాక్సజోల్. సెప్ట్రాన్ అంటే ఇట్టే గుర్తొస్తుంది. ధర చాలా తక్కువ.

ఈ మందు హెచ్‌ఐవీ వైరస్‌ని తాకదు. కానీ హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ప్రాణాలు ఎక్కువగా తీసేది ఒంట్లో సత్తువ తగ్గాక మీదపడే న్యుమోనియా లాంటి జబ్బులు. వాటిని అడ్డుకుంటే కొంత వ్యవధి దొరుకుతుంది. వైరస్‌ని అణిచే ఏఆర్‌టీ మందులు అక్కడి పేదలకు అందని రోజులవి. ఆ వ్యవధే వాళ్లకు బతుకు.

పెద్దవాళ్లకు ఇది మేలు చేస్తుందని ఐవరీకోస్ట్‌లోని అబిజాన్‌లో 1999కే తేలింది. జాంబియాలో మాత్రం బ్యాక్టీరియా చాలావరకు ఈ మందుకు లొంగడం మానేసింది. లొంగని క్రిమి మీద రోజూ మందు పోసి ఏం లాభం? సరైన ప్రశ్నే. ఇచ్చి చూస్తే తప్ప జవాబు దొరకదు.

అందుకే లుసాకాలో, ఏడాది నుంచి 14 ఏళ్ల దాకా వయసున్న హెచ్‌ఐవీ పిల్లల్లో కొందరికి మందున్న సిరప్, కొందరికి మందులేని సిరప్ ఇచ్చారు. ఏది ఎవరికో ఇంట్లోవాళ్లకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. చిన్నవాళ్లకు 5 మిల్లీలీటర్లు, అయిదేళ్లు దాటితే 10. సీసా బాగా కుదిపి రోజుకోసారి పట్టడమే.

ఏడాదిన్నర పైచిలుకు గడిచాక చూస్తే, ఉత్త సిరప్ తాగిన 269 మందిలో 112 మంది చనిపోయారు. మందు తాగిన 265 మందిలో 74 మంది. తేడా అంత స్పష్టంగా కనిపించడంతో 2003లో పరీక్షను గడువుకు ముందే ఆపేశారు.

ఆ 112 దగ్గర నా చూపు ప్రతిసారీ ఆగిపోతుంది. పరీక్ష చేసినవాళ్లను తప్పుపట్టలేను, వాళ్ల సందేహం నిజమైనది. కడుపు మండేది ఇంకొకందుకు. వైరస్‌ని అణిచే మందుల కలయిక 1996 నుంచే ఉంది. అప్పట్లో ధనిక దేశాల్లో దాని ఖరీదు ఏడాదికి 10,000 డాలర్ల పైమాటే. మన మందుల కంపెనీ సిప్లా 2001లో 350 డాలర్లకే ఇస్తానంది. అయినా ఆ మందులు లుసాకా పిల్లలదాకా చేరడానికి ఏళ్లు పట్టింది.

ఏఆర్‌టీ అందాక ఇక సెప్ట్రాన్ మానేయొచ్చా? ఉగాండా, జింబాబ్వేల్లో ఏఆర్‌టీ రెండేళ్లుగా వాడుతున్న 758 మంది పిల్లల మీద అదీ చూశారు. మానేసినవాళ్లు మలేరియాతో, ఇతర ఇన్‌ఫెక్షన్లతో ఎక్కువగా ఆస్పత్రిపాలయ్యారు. మన ఏఆర్‌టీ సెంటర్లలో సీడీ4 అనే రోగనిరోధక కణాలు తగ్గినవాళ్లకు మామూలు మందులతోపాటు చేతిలో పెట్టేదీ ఈ మాత్రే. డాక్టరు ఆపమనేదాకా దాన్ని మానకండి.