‘ఆరోగ్యశ్రీ నడుస్తదా?’ అని ఎవరిని అడగాలి

నెల్లికుదురులో నాది జెరాక్సు దుకాణం. ఆధార్, రేషన్ కార్డు, ఈసీజీ చీటీ... మండలంలో ఎవరికి ఏ జబ్బొచ్చిందో వాళ్ల చుట్టాలకంటే ముందు నా మెషీనుకే తెలుస్తుంది. కాగితాలు ఇస్తూ చాలామంది అడిగే మాట ఒకటుంది: “తమ్మీ, వరంగల్‌ల ఏ గుండె డాక్టరు దగ్గర ఆరోగ్యశ్రీ నడుస్తది?”

డాక్టరు దగ్గర నడవదు. దవాఖానలో నడుస్తది. చాలామంది డబ్బులు ఈ ఒక్క తేడా దగ్గరే పోతున్నాయి. హన్మకొండలో సాయంత్రం సొంత క్లినిక్కులో చూసే కార్డియాలజిస్టు ఎంత పేరున్నవాడైనా, అక్కడ ఫీజూ ఎకో ఖర్చూ మన జేబులోంచే. అదే సారు పొద్దున ఆరోగ్యశ్రీలో చేరిన ఏదైనా నెట్‌వర్క్ ఆసుపత్రిలో పనిచేస్తుంటే, అక్కడ కార్డు మీద చూపించుకునే దారి ఉంటుంది. అందుకే క్లినిక్కుకు పోయినా సరే, కాంపౌండరును పట్టుకుని “సారు పొద్దుగాల ఏ దవాఖానల ఉంటడు?” అని అడగమంటాను. కాంపౌండర్లు ఈ సంగతి దాచరు.

రెండో చిక్కు బోర్డుతో. గేటు ముందు ‘ఆరోగ్యశ్రీ కలదు’ అని పెద్ద అక్షరాలు ఉంటాయి. దేనికి కలదో ఉండదు. ప్రభుత్వ ట్రస్టు ఆసుపత్రులను విభాగాలవారీగా చేర్చుకుంటుంది. ఎముకలకు అనుమతి ఉన్నచోట గుండెకు ఉండాలని లేదు. గుండెలోనూ మళ్లీ రెండు దారులు: రక్తనాళం పూడితే స్టెంటు వేసేది క్యాథ్‌ల్యాబ్‌లో కార్డియాలజిస్టు, బైపాస్, కవాటం మార్పిడి వంటివి చేసేది గుండె సర్జన్. కాబట్టి లోపల కౌంటరు దగ్గరుండే ఆరోగ్యమిత్రను “గుండెకు ఉందా” అని కాదు, “మా కాగితంలో రాసిన ఈ పనికి ఉందా” అని చీటీ చూపించి అడగాలి. బయల్దేరకముందే 104కు ఫోన్ చేసి కనుక్కుంటే బస్సు ఛార్జీలు మిగులుతాయి.

ఒక తండా నుంచి వచ్చే పెద్దమ్మకు కవాటం చెడింది. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్లవాపు వచ్చి, పట్టించుకోకపోతే ఏళ్ల తర్వాత గుండె కవాటాలు దెబ్బతింటాయి. పేద ఇళ్లలో ఎక్కువగా కనిపించే జబ్బు ఇది. బోర్డు చూసి కొడుకు ఆమెను ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాడు. పరీక్షలన్నీ అయ్యాక “కవాటాలకు ఇక్కడ లేదు, హైదరాబాద్ పోండి” అన్నారు. ఆ మాట మొదటి రోజే చెబితే ఏం పోయింది? చివరికి పంజాగుట్ట నిమ్స్‌లో చేరారు. అంతకుముందు ఇంకో గండం: ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో మరో పేరు. దాన్ని సరిచేయించడానికి పట్టిన తిరుగుడు ఆపరేషన్‌కంటే తక్కువేం కాదని ఆ కొడుకే అన్నాడు. పెళ్లయి వచ్చిన కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉండటం, పుట్టిన బిడ్డ పేరు ఎక్కకపోవడం కూడా ఇట్లాంటివే. ఇవి జబ్బు రాకముందు చేయించుకునే పనులు.

ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి వైద్యం పరిమితిని కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా పెంచారు. అంత డబ్బు మన చేతికి రాదు, రావాల్సిన పనీ లేదు. ఆరోగ్యమిత్ర పేరు నమోదు చేస్తారు, ఆసుపత్రి డాక్టర్లు పరీక్షలు చేసి కాగితాలు ట్రస్టుకు పంపుతారు, అక్కడి డాక్టర్లు ఒప్పుకుంటే వైద్యం. ఒక్కో జబ్బుకు ఇంత అని ధర ముందే కట్టి ఉంటుంది. ఆ ధర చాలదని ఆసుపత్రుల గోడు. బకాయిలు రావడం లేదని 2025 సెప్టెంబరులో నెట్‌వర్క్ ఆసుపత్రులు కొన్ని రోజులు సేవలే ఆపేశాయి. వాళ్ల లెక్క వాళ్లది. కానీ “బెడ్లు లేవు” అన్న మాట అట్లాంటి రోజుల్లో ఎవరికి ఎక్కువగా వినబడుతుందో ఊహించడం కష్టం కాదు.

అందుకే నేను ముందు సర్కారు దారే చెబుతాను. కేసముద్రంలో రైలెక్కినా, తొర్రూరు మీదుగా బస్సెక్కినా వరంగల్ ఎంతో దూరం కాదు. అక్కడ ఎంజీఎం ఉంది, కాకతీయ మెడికల్ కాలేజీ ఆవరణలో కేంద్రం డబ్బు కూడా కలిపి కట్టిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది. పెద్ద ఆపరేషన్లకు నిమ్స్, ఉస్మానియా, గాంధీ. నిమ్స్‌లో పథకం కింద రాని ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ‘ఎల్వోసీ’ అనే హామీ పత్రం తెచ్చుకోవచ్చు. దానికి ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనా కాగితం ముందు ఉండాలి, ఎమ్మెల్యే ఆఫీసు తర్వాత.

ఇదంతా తీరిక ఉన్న జబ్బుకు. ఛాతీ పిండేసినట్టు నొప్పి, చెమటలు, ఎడమచేయి లాగడం మొదలైతే జెరాక్సులతో పనిలేదు, 108కు ఫోన్ చేయాలి. పూడిక కరిగించే మందు ఎంత తొందరగా పడితే గుండె కండరం అంత దక్కుతుంది. అత్యవసరమైతే ట్రస్టు అనుమతి ఫోన్ మీదే ఇస్తారు, కార్డు తర్వాత తెచ్చి చూపించొచ్చు.

ఇంకొకటి మాత్రం చెప్పి తీరాలి. స్టెంటు వేయించుకుని వచ్చినవాళ్లు మూడు నెలలు గడిచేసరికి “మంచిగనే ఉన్న” అని రక్తం పలచబరిచే గోళీలు ఆపేస్తుంటారు. కారణం అడిగితే మెడికల్ షాపు బిల్లు చూపిస్తారు. డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు ప్యాకేజీలోనే వస్తాయి. స్టెంటు, బైపాస్ లాంటివాటికి ఆ తర్వాత ఏడాది దాకా చూపించుకోవడం, పరీక్షలు, మందులు కూడా పథకంలో ఉన్నాయి. డిశ్చార్జి రోజే ఆరోగ్యమిత్రను “ఫాలోఅప్ ఎప్పుడు” అని అడిగి, తారీకు కాగితం మీద రాయించుకోవాలి. అడగకపోతే చాలాచోట్ల ఎవరూ చెప్పరు. గోళీలు మాత్రం డాక్టరు ఆపమనేదాకా ఆపొద్దు. స్టెంటు మళ్లీ మూసుకుపోయేది అక్కడే.