మా గల్లీకి పదేళ్ల తర్వాతి కరెంటు

ఈఈఈ వాళ్లం కరెంటు సంస్థలో ఉద్యోగం చేస్తామంటే ఇంట్లో వాళ్లకి స్తంభం ఎక్కడమే గుర్తొస్తుంది. కానీ ఇంకా ఎవరూ వాడని కరెంటుకు ఇవాళే లెక్క కట్టే ఉద్యోగం ఒకటుంది. దాని పేరు ట్రాన్స్‌మిషన్ ప్లానింగ్. ఫైనల్ ఇయర్‌లో నా మనసు దాని మీదకే పోయింది. ఎందుకో మా హుస్సేనీ ఆలం ఉదాహరణతోనే చెప్తాను.

చార్మినార్ నుంచి నడిచి వెళ్లేంత దూరం మా బస్తీ. కరెంటు పోతే "లైట్ గయీ!" అని గల్లీ అంతా ఒకటే కేక. ఒక్క గల్లీకే పోతే లోపం ఎక్కడో 11 కేవీ ఫీడర్‌లోనో, మూలమీది ట్రాన్స్‌ఫార్మర్‌లోనో ఉంటుంది. అది డిస్కం చూసుకుంటుంది. 132, 220, 400 కేవీ లైన్లు, సబ్‌స్టేషన్లు ట్రాన్స్‌కోవి. అక్కడ తేడా వస్తే చీకటి గల్లీతో ఆగదు.

అందుకే ప్లానింగ్‌లో మొదటి సూత్రం "ఎన్ మైనస్ వన్". ఉన్నవాటిలో ఏ ఒక్కటి పోయినా మిగతావి లోడు మోయాలి. ఒక సబ్‌స్టేషన్‌లో 80 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు మూడున్నాయనుకుందాం. మొత్తం 240. కానీ నమ్ముకోవాల్సింది 160నే. ఇప్పుడు లోడు 100 ఉంది, ఏటా 7 శాతం పెరుగుతోంది అనుకోండి. ఏడేళ్లలో 160 దాటేస్తుంది. ఏడేళ్లు చాలా టైమే కదా అనిపిస్తుంది. స్థలం, అనుమతులు, టెండర్లు, తవ్వకాలు అన్నీ కలిపి చూస్తే అంత టైమేం కాదు.

ఈ సూత్రం ఎంత ముఖ్యమో 2012 జులై 30, 31 తేదీల్లో దేశమంతా చూసింది. బీనా-గ్వాలియర్ మార్గంలో ఒక 400 కేవీ సర్క్యూట్‌ను పనుల కోసం ముందే ఆపి ఉంచారు. మిగిలిన సర్క్యూట్ మీద భారం పెరిగి ట్రిప్ అయింది. ఒకదాని వెనుక ఒకటి లైన్లు పడిపోయాయి. రెండో రోజు సుమారు 60 కోట్ల మందికి కరెంటు లేదు. మన దక్షిణ గ్రిడ్ అప్పటికి వాళ్లతో సింక్రనైజ్ కాలేదు కాబట్టి బయటపడ్డాం. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. ఇప్పుడు సాయమూ, ప్రమాదమూ రెండూ ఉమ్మడివే.

పాతబస్తీలో ఈ లెక్కకు ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒకటి జాగా. 132 కేవీ టవర్ లైనుకు 27 మీటర్ల వెడల్పు దారి కావాలి. మా గల్లీల్లో ఆటో తిరగడమే కష్టం. అందుకే ఇలాంటి చోట భూగర్భ కేబుళ్లు, తక్కువ స్థలంలో ఇమిడే గ్యాస్ ఇన్సులేటెడ్ సబ్‌స్టేషన్లు కావాలి. ఖర్చు ఎక్కువ. పైగా పొడవాటి కేబుల్ కెపాసిటర్‌లా పనిచేస్తుంది. లోడు తగ్గిన వేళ వోల్టేజీ పైకి పోతుంది, రియాక్టర్ పెట్టి దించాలి. అంటే పీక్ లోడు ఒక్కటే చూస్తే సరిపోదు, కనిష్ఠ లోడూ చూడాలి.

రెండోది రంజాన్. ఆ నెలంతా మా బజార్లు సహర్ దాకా మేల్కొనే ఉంటాయి. కానీ చాంద్రమాన నెల ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2018లో రంజాన్ మే, జూన్ ఎండల్లో వచ్చింది. ఏసీలు, దుకాణాల దీపాలు అన్నీ ఒకేసారి. 2030లో అయితే జనవరిలో ఒకసారి, డిసెంబర్ చివర్లో మరోసారి మొదలవుతుంది. నిరుటి రాత్రి లోడు చూసి వచ్చే పదేళ్లకు గీత గీసేస్తే తప్పుతుంది. బస్తీ క్యాలెండర్ కూడా తెలిసుండాలి.

థర్డ్ ఇయర్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! లోడ్ ఫ్లో ల్యాబ్‌లో న్యూటన్-రాఫ్సన్ కన్వర్జ్ అవ్వగానే రికార్డు రాసేసి లేచిపోకండి. ఒక లైను తీసేసి మళ్లీ రన్ చేయండి. ఏ లైను మీద భారం పడిందో, ఏ బస్ వోల్టేజీ దిగిందో చూడండి. ఈ ఉద్యోగంలో రోజూ చేసేది దాదాపు అదే, కాకపోతే వేల బస్సులతో. ఆర్టీసీవి కాదులెండి!