అబ్బాయి చేతికి ఏ పుస్తకం?

బెంగాల్–నాగపూర్ రైల్వే నాటినుండి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. అక్కడి బాలుడు ఇంట్లో తెలుగు మాట్లాడినా, బడిలో చదివేది తరచు ఇతర భాషలే. తెలుగు చదివే అలవాటు లేకపోతే తాతల భాష అతనికి మాటగానే మిగిలిపోతుంది.

అలాగని నీతిబోధల పుస్తకం చేతికిస్తే పారిపోతాడు. అతనికి కావలసినవి సాహసం, అల్లరి, నవ్వు. మార్క్ ట్వేన్ 1876లో ప్రచురించిన ‘టామ్ సాయర్’ను నండూరి రామమోహనరావు తెలుగులోకి తెచ్చారు. ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’ పెద్దలనే ఆట పట్టిస్తాడు. 1947లో ఆరంభమైన ‘చందమామ’ ఆగిపోయినా, దాని పాత సంచికలలో బేతాళుని చిక్కుప్రశ్నలున్నాయి.

మొదటి ప్రకరణం మీరే చదివి వినిపించండి. కథ ముడిపడిన చోట ఆపి, పుస్తకం అతనికివ్వండి. తరువాత ఏమైందోనన్న ఆరాటమే, కూడబలుక్కుంటూనైనా, అతనిచేత చదివిస్తుంది. నచ్చక మూసివేస్తే కోపగించక మరొకటి ఇవ్వండి.