శశిరేఖ చీర రంగేంటి?

‘మాయాబజార్’లో సావిత్రి చీర రంగేంటి? 1957లో ఆ సినిమా చూసినవాళ్లూ చెప్పలేరు. అంతా నలుపు తెలుపే మరి! రంగు కనపడని తెరమీద అందమంతా అంచుదీ, కట్టుదే. ఆ సంగతి చీరాల పక్కనున్న వేటపాలెంలాంటి నేత ఊళ్లకు వేరే చెప్పాలా! ‘మిస్సమ్మ’(1955)లో సాదాసీదా చీరలో టీచరమ్మ... రెండేళ్లకే నగలతో మెరిసే రాకుమారి శశిరేఖ!

2010లో ‘మాయాబజార్’కి కంప్యూటర్లు రంగులద్దాయి. 2018లో ‘మహానటి’ మాత్రం మగ్గాన్ని నమ్ముకుంది. సావిత్రి పాత్ర వేసిన కీర్తి సురేష్ కోసం డిజైనర్ గౌరాంగ్ షా చేనేత చీరలు నేయించారు. ఆయనతోపాటు ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనారావులకు దుస్తుల విభాగంలో జాతీయ అవార్డు దక్కింది. నేసినవారి పేర్లు మాత్రం అందులో లేవు. వేటపాలెం మగ్గాలకు ఇది కొత్తేమీ కాదు... నేత వాళ్లది, పేరు కట్టుకున్నవాళ్లది!