తూము తెరుచుకుందా లేదా? లైనక్స్‌లో ఎస్ఎంసీ కనెక్షన్లు చెక్ చేయడం ఎలా

ఈరోజు టాపిక్ ఫోన్లో చేసి చూసేది కాదు, ముందే చెప్పేస్తున్నా. కెర్నల్ మాడ్యూల్ లోడ్ చేయాలి, రూట్ కావాలి. కానీ సర్వర్ సైడ్ జాబులకి ట్రై చేస్తున్నవాళ్లు ఎపిసోడ్ చివరిదాకా ఉండండి.

మా వాకాడు వైపు రొయ్యల గుంటలు చూశారు కదా. ఒక గుంట నుంచి పక్క గుంటలోకి నీళ్లు పోవాలి. బిందెలతో మోయొచ్చు. నింపాలి, మోయాలి, లెక్కపెట్టాలి, అవతల పోయాలి. టీసీపీ చేసేది ఇదే. మీ డేటాని కెర్నల్ బఫర్లోకి కాపీ చేస్తుంది, ప్యాకెట్లుగా కోస్తుంది, అందిందా అని అడుగుతుంది, అవతల మళ్లీ కాపీ. ఇంకో దారి ఏందంటే, రెండు గుంటల మధ్య గట్టులో తూము పెట్టేయడం. ఎత్తితే నీళ్లు నేరుగా పోతాయి. అదే ఎస్ఎంసీ, షేర్డ్ మెమరీ కమ్యూనికేషన్స్. ఒక మెషిన్ రెండో మెషిన్ మెమరీలోకి నేరుగా రాసేస్తుంది.

రెండు రకాలు ఉన్నాయి. వేరే వేరే మెషిన్ల మధ్య ఆర్‌డీఎంఏ కార్డుల ద్వారా నడిచేది ఎస్ఎంసీ-ఆర్. ఒకే ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ లోపల రెండు సిస్టమ్‌ల మధ్య నడిచేది ఎస్ఎంసీ-డీ. పుట్టింది ఐబీఎంలో. 2015లో ఆర్ఎఫ్‌సీ 7609గా బయటికొచ్చింది. లైనక్స్‌లో ఎస్ఎంసీ-ఆర్ 2017లో 4.11 కెర్నల్‌తో, ఎస్ఎంసీ-డీ 2018లో 4.19తో వచ్చాయి.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. కనెక్షన్ ఎప్పుడూ మామూలు టీసీపీగానే మొదలవుతుంది. హ్యాండ్‌షేక్‌లో "నాకు ఎస్ఎంసీ వచ్చు" అని చిన్న గుర్తు పెడతారు. ఆ గుర్తు మెయిన్‌ఫ్రేమ్ వాళ్ల పాత ఎబ్‌సిడిక్ అక్షరాల్లో ఉంటుంది, పుట్టిల్లు మర్చిపోలేదన్నమాట. ఇద్దరికీ కుదిరితే తూము. కుదరకపోతే మళ్లీ బిందెలే, అంటే టీసీపీకి ఫాల్‌బ్యాక్. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. అప్లికేషన్ హాయిగా నడుస్తానే ఉంటుంది. కంపెనీ ఖరీదైన కార్డులు కొని పెట్టుంటుంది, డేటా మాత్రం పాత దారిలోనే పోతుంటుంది. ఎవ్వరికీ తెలీదు.

మా ఊరివైపు జూనియర్ ఒకడు సపోర్ట్ జాబులో చేరిన కొత్తలో నాకు ఫోన్ చేశాడు. "అన్నా, ఎస్ఎంసీ రన్ పెట్టి స్టార్ట్ చేశా, స్పీడ్ ఏం మారలేదన్నా" అన్నాడు. "ఎస్ఎంసీఎస్ఎస్ కొట్టి చూశావా రా?" అన్నా. "అదేందన్నా?"

అదే ఈరోజు మన టూల్. ఫెడోరా, ఉబుంటు లాంటి వాటిలో ఎస్ఎంసీ టూల్స్ అనే ప్యాకేజీలో వస్తుంది. టెర్మినల్లో స్మాల్ లెటర్స్‌లో ఎస్ఎంసీఎస్ఎస్ అని కొట్టండి. ఎస్ఎంసీ సాకెట్లు వరసగా వస్తాయి. లిజన్ చేస్తున్నవి కూడా కావాలంటే పక్కన మైనస్ ఏ. చివర మోడ్ అనే కాలమ్ ఉంటుంది, మీ కళ్లు అక్కడే ఉండాలి. ఎస్ఎంసీఆర్, ఎస్ఎంసీడీ అని ఉంటే తూము తెరుచుకున్నట్టు. టీసీపీ అని ఉండి పక్కన ఒక నంబర్ ఉంటే ఫాల్‌బ్యాక్, ఆ నంబరే కారణం. 03010000 అంటే అవతలి మెషిన్ ఎస్ఎంసీ వచ్చని చెప్పనేలేదు. 03020000 అంటే ఐపీసెక్ వాడుతున్నారు, దానితో ఇది కుదరదు. 03030000 అంటే పనికొచ్చే డివైజ్ దొరకలేదు. మావాడికి వచ్చింది మొదటిది. క్లయింట్ మెషిన్లో అసలు ఎస్ఎంసీ ఆన్ చేయలేదబ్బా!

అసలు ఆ ఎస్ఎంసీ రన్ చేసేదేంటి? ప్రోగ్రామ్ కోడ్ ముట్టుకోకుండా, స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక లైబ్రరీని ముందు లోడ్ చేసి, టీసీపీ సాకెట్ అడిగితే ఎస్ఎంసీ సాకెట్ ఇస్తుంది. అందుకే స్టాటిక్‌గా లింక్ చేసిన ప్రోగ్రాముల దగ్గర ఈ ట్రిక్ పనిచేయదు. అలాంటివి ఎస్ఎంసీఎస్ఎస్ లిస్టులోనే కనపడవు. ఒక్కో సాకెట్ కాకుండా మొత్తం లెక్క కావాలంటే ఎస్ఎంసీఆర్ స్టాట్స్ కొట్టండి. ఎన్ని ఎస్ఎంసీలో నడిచాయి, ఎన్ని టీసీపీకి పడిపోయాయి అన్నీ చెప్తుంది. మెయిన్‌ఫ్రేమ్ లోపలిదైతే ఎస్ఎంసీడీ స్టాట్స్.

ఇంకొకటి, ఇది ఇంటర్వ్యూలో అడిగినా అడగొచ్చు. ఎస్ఎంసీకి మారాక డేటా టీసీపీ ఐపీ దారిలో పోదు. టీసీపీ డంప్ పెడితే హ్యాండ్‌షేక్ కనిపిస్తుంది, తర్వాత నిశ్శబ్దం. ఫైర్‌వాల్ మొదటి కనెక్షన్‌ని ఆపగలదు, లోపల పోయే ప్రతి ప్యాకెట్‌నీ చూసే రూల్స్ మాత్రం అక్కడ గుడ్డివే. సెక్యూరిటీ టీమ్‌కి చెప్పకుండా ఆన్ చేయకండి. అప్లికేషన్లో టీఎల్ఎస్ ఉంటే అది మామూలుగానే నడుస్తుంది.

అన్నింటికీ పెట్టొచ్చా అంటే, నా ఉద్దేశంలో వద్దు. తూము పెట్టడానికీ టైమ్ పడుతుంది. మొదట్లో ఎక్స్‌ట్రా మాటలు నడవాలి. చిటికెలో ముగిసే చిన్న చిన్న రిక్వెస్టులకి నష్టమే. గంటల తరబడి తెరిచుండే డేటాబేస్ కనెక్షన్లకి పెట్టండి.

ప్రాక్టీస్‌కి కార్డు లేదంటారా? క్లౌడ్లో చిన్న లైనక్స్ మెషిన్ తీసుకుని, మాడ్యూల్ లోడ్ చేసి, కర్ల్ కమాండ్‌ని ఎస్ఎంసీ రన్‌తో ఏదైనా పెద్ద ఫైల్ మీద నడపండి. డౌన్‌లోడ్ అవుతుండగానే పక్క టెర్మినల్లో ఎస్ఎంసీఎస్ఎస్ కొట్టండి. కచ్చితంగా ఫాల్‌బ్యాకే వస్తుంది. మీకేం నంబర్ వచ్చిందో కింద రాయండి.