స్టేటస్‌కెక్కిన తక్‌పట్టీ: అపోహలు – వాస్తవాలు

సంక్రాంతి దాటితే ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లన్నీ పసుపు పనుల్లో మునిగిపోతాయి. తవ్వాలి, ఉడకబెట్టాలి, కల్లంలో ఆరబోయాలి, డ్రమ్ములో తిప్పి మెరుగు తేవాలి, బస్తాలకెత్తి నిజామాబాద్ యార్డుకు తోలాలి. ఎనిమిది తొమ్మిది నెలలు కాచుకున్న పంటకు మంచి ధర పలికిన రోజున ఆ సంగతి పదిమందికీ చెప్పుకోవాలని ఎవరికుండదు? తక్‌పట్టీని, అంటే పంట అమ్మాక యార్డులో ఇచ్చే లెక్క చీటీని, ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేది అందుకే. ఆ సంతోషాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ కాగితం మీద ఏమేం ఉంటుందో, అది ఎంత దూరం పోతుందో మాత్రం చెప్పాలి. దీని చుట్టూ మన దగ్గర చాలా అపోహలున్నాయి.

అపోహ: "మా దగ్గర దాచుకునేదేముంది? రైతు బతుకు, తెరిచిన పుస్తకమే."

వాస్తవం: తక్‌పట్టీని ఒక్కసారి పరాయివాడి కళ్లతో చూడండి. రైతు పేరు, ఊరు, పసుపులో కాడి (కొమ్ము) ఎంత, గోళ (దుంప) ఎంత, క్వింటాలుకు పలికిన ధర, అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) పేరు, ఖర్చులు పోను చేతికి రావాల్సిన మొత్తం. ఇందులో రహస్యమంటూ ఏదీ లేదు. యార్డులో పక్కన నిలబడ్డవాళ్లకూ తెలిసిన సంగతులే. కానీ వీటన్నిటినీ ఒక్కచోట చూసిన మోసగాడికి రెండు విషయాలు తెలిసిపోతాయి: ఈ మనిషి ఖాతాలో ఈ వారం డబ్బు పడుతుంది, ఎవరి పేరు చెబితే ఈ మనిషి నమ్ముతాడు. "అన్నా, అడ్తి నుంచి మాట్లాడుతున్న, మీ పైసలు ఆగినయ్, ఒక నంబర్ వస్తది చెప్పండి" అని ఫోనొస్తే, అవతలి గొంతు బస్తాల లెక్కతో సహా చెబుతుంటే, ఎంత జాగ్రత్తపరుడైనా తడబడతాడు. మోసపోయినవాణ్ని అమాయకుడనడం అన్యాయం. అతన్ని నమ్మించిన వివరాలన్నీ నిజమైనవే మరి.

చిన్న చిన్న ముక్కలు కలిస్తే ఏమవుతుందో దేశమంతా చూసిన ఉదంతం ఒకటుంది. 2018 జులైలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు అప్పటి ఛైర్మన్ ఆర్.ఎస్.శర్మ తన ఆధార్ నంబరును ట్విట్టర్‌లో పెట్టి, దీంతో నాకు ఏ హాని చేయగలరో చూపించండని సవాలు విసిరారు. కొన్ని గంటల్లోనే ఆయన ఫోన్ నంబరు, చిరునామా, పుట్టినతేదీ వంటివి జనం బయటపెట్టారు. ఆధార్ వ్యవస్థ నుంచి ఏదీ లీక్ కాలేదని, అవన్నీ ఇంటర్నెట్‌లో అప్పటికే అక్కడా ఇక్కడా ఉన్నవేనని ఆధార్ సంస్థ యూఐడీఏఐ వివరణ ఇచ్చింది. ఆ వెంటనే, ఆధార్ నంబరును ఎవరూ బహిరంగంగా పెట్టొద్దని ప్రజలకు సూచించింది. ఎక్కడెక్కడో పడి ఉన్న వివరాలను ఏరి కలపడానికి హ్యాకింగ్ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

అపోహ: "కాంటాక్టుల్లో ఉన్నవాళ్లే చూస్తారు. 24 గంటల్లో అదే పోతుంది. వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ కూడా ఉంది కదా."

వాస్తవం: 2016 నుంచి వాట్సాప్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్నమాట నిజమే. అది దారిలో ఎవరూ చదవకుండా కాపాడుతుంది. చేరినచోట ఏమవుతుందో చూడటం దాని పని కాదు. మీ స్టేటస్‌ను ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసుకుంటే మీకు కబురు కూడా అందదు. ఇక కాంటాక్టుల మాట. మందుల దుకాణం, డ్రిప్పు పైపులు బిగించినతను, ట్రాక్టర్ ఫైనాన్స్ ఏజెంటు, ఎప్పుడో ఒకసారి మాట్లాడిన వీసా ఏజెంటు... వీళ్లందరి నంబర్లూ మీ ఫోన్లో ఉన్నాయి, మీ నంబరు వాళ్ల ఫోన్లో ఉంది. ఎవరెవరికి కనిపించాలో ఎంచుకునే వీలు స్టేటస్ సెట్టింగుల్లోనే ఉంది. ఒక్కసారి కూర్చుని ఆ పని చేయండి.

అపోహ: "నా ఫోన్, నా ఫొటో, నా ఇష్టం. పోతే నాదే పోతుంది."

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. పంచుకునేది ఒకరు, బయటపడేది ఇంకొకరు.

పెళ్లిపత్రికనే తీసుకోండి. వధువు పేరు, వరుడి పేరు, తల్లిదండ్రులు, తాతలు, ఇంటిపేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు, ఫంక్షన్ హాలు, ముహూర్తం. రెండు కుటుంబాల వంశవృక్షం, పైగా ఆ రోజు రెండిళ్లూ ఖాళీగా ఉంటాయన్న సమాచారం. పిలుపు అందాల్సింది బంధువులకు. అలాంటి పత్రికను ఊరి గ్రూపులో, ఫేస్‌బుక్‌లో అందరికీ కనిపించేలా పెట్టేముందు ఆ పిల్లను అడిగినవాళ్లెందరు?

ఒక యాప్ ద్వారా ఫేస్‌బుక్ ఖాతాదారుల వివరాలు పోగేసిన కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారం బయటపడిన 2018లో ఫేస్‌బుక్ చెప్పిన లెక్క దీనికి గట్టి సాక్ష్యం. మన దేశంలో ఆ యాప్‌ను పెట్టుకున్నది 335 మంది. వివరాలు చేతులు మారి ఉండొచ్చని తేలినవాళ్లు 5,62,455 మంది. తక్కినవాళ్లు చేసిందల్లా ఆ 335 మందికి స్నేహితులుగా ఉండటమే.

గల్ఫ్ సంగతి మరీ ముఖ్యం, ఎందుకంటే ఆర్మూర్ ప్రాంతం నుంచి ఎడారి దేశాలకు పోయినవాళ్లు ఊరూరా ఉన్నారు. క్యాంపు గదిలో వంట చేస్తూ రీల్ తీస్తే వెనక మంచం మీద పడుకున్న తోటి కార్మికుడూ అందులో పడతాడు. ఇక్కడ మనకది మామూలు విషయం. యూఏఈలో 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న సైబర్ నేరాల చట్టం ప్రకారం, అనుమతి లేకుండా ఇతరుల ఫొటో తీసి వాళ్ల గోప్యతకు భంగం కలిగిస్తే అది నేరం. ఆరు నెలలకు తగ్గని జైలు, లక్షా యాభై వేల నుంచి ఐదు లక్షల దిర్హాముల జరిమానా, లేదా రెండింటిలో ఒకటి. అప్పు చేసి పోయిన కుటుంబానికి ఆ జరిమానా అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. కొడుకును పంపే ఇంట్లో పాస్‌పోర్టు, టికెట్టు గురించి మాట్లాడుకున్నట్టే ఈ మాట కూడా మాట్లాడుకోవాలి.

అపోహ: "ప్రైవసీ హక్కు వచ్చింది, కొత్త చట్టం వచ్చింది. ఇక భయం లేదు."

వాస్తవం: 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. మన వివరాలను కాపాడలేకపోయిన కంపెనీకి రూ.250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చని ఆ చట్టంలో ఉంది. పెద్ద అండే. అయితే అదే చట్టం మూడో సెక్షన్‌ను చదివినవాళ్లు తక్కువ. ఒక వ్యక్తి తన వివరాలను తానే బహిరంగంగా పెట్టుకుంటే ఆ వివరాలకు ఈ చట్టం వర్తించదని అందులో ఉంది. సోషల్ మీడియాలో రాసుకోవడాన్నే ఉదాహరణగా కూడా ఇచ్చింది. బ్యాంకుకు మీరిచ్చిన ఫోన్ నంబరుకు రక్షణ ఉంది. అదే నంబరును మీరే ఫేస్‌బుక్‌లో అందరికీ కనిపించేలా రాసుకుంటే ఈ చట్టం మీ వెంట రాదు.

అపోహ: "ఆడపిల్ల చేతికి ఫోన్ ఇవ్వకపోతే సరి."

వాస్తవం: సరికాదు. బతుకమ్మ ఆడుతున్న పిల్లలను వీడియో తీసి పెట్టేది చాలాసార్లు చుట్టూ నిలబడ్డవాళ్లే. ఫోన్ లాక్కుంటే ఆ వీడియో ఆగదు. పైగా తన ఫొటో ఎక్కడో తప్పుగా వాడారని తెలిసినా ఇంట్లో చెప్పుకోలేని స్థితి ఆ పిల్లకు వస్తుంది. ఫోన్ వల్ల ముప్పు మాత్రమే లేదు, సోషల్ మీడియా ఆదుకున్న సందర్భాలూ మనకు తెలుసు. గల్ఫ్ ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాస్తూ చిక్కుకుపోయిన తెలంగాణ కార్మికులు కొందరు ఇంటికి చేరింది వాళ్లు పంపిన వీడియోల వల్లే.

ఇక హాని జరిగితే ఆశ్రయించే దారులున్నాయి. అనుమతి లేకుండా ఎవరి శరీర రహస్య భాగాలనైనా ఫొటో తీసినా, పంపినా ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. అలాంటి చిత్రాలపైనా, మార్ఫింగ్ చేసినవాటిపైనా బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తొలగించే చర్య తీసుకోవాలని 2021 ఐటీ నిబంధనలు సోషల్ మీడియా వేదికలకు గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరిలో ఆ గడువును రెండు గంటలకు తగ్గించారు. వేధింపులైతే పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు వెంటనే ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. తొలగించమని అడిగే ముందు మాత్రం ఆ పోస్టు లింకు రాసుకుని, తేదీ, పెట్టినవాళ్ల ఖాతా పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పోలీసులు మొదట అడిగేది అదే.